గోడలో కంత, గునుగులో ఎరుపు

మా అవ్వకు మబ్బుల మీద కూడా అనుమానమే. మృగశిర కార్తె దాటి నాలుగు రోజులైనా చుక్క రాలకపోతే ఊరంతా ఆకాశం వైపు ఆశగా చూసేది. మా అవ్వ మాత్రం సంతలో దొంగను పోల్చుకుంటున్నట్టు చూసేది. "గా మబ్బు నిన్న గూడ గీడికే వచ్చి పోయింది. ఏదో మతలబు ఉన్నది" అనేది. వాన పడితే ఆ అనుమానం తీరేది కాదు. ఇంత జల్దిగా ఎందుకు పడిందన్న కొత్తది మొదలయ్యేది.

మాది మోత్కూర్ అంగడికి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణమున్న ఊరు. అప్పటికి కరెంటు స్తంభాలు ఊరి దాకా రాలేదు, వస్తాయని మాత్రం అందరూ చెప్పేవాళ్లు. నేతవాళ్ల వాడలో మా ఇల్లు. ఇంటి నడుమ మగ్గం గుంత, ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని బాపు నేసేవాడు. వానాకాలం ఆ గుంతలో నీళ్లు ఊరేవి. బాపు మోకాళ్ల దాకా నీళ్లలో, మోచేతుల దాకా నూలులో ఉండేవాడు. ఒకరోజు గుంతలోకి కప్ప దూకితే, "దానికి గూడ పని నేర్పుదామా బాపూ?" అన్నాను. "నేర్పాలె. నీకంటె జల్ది నేర్చుకుంటది" అన్నాడు. నేనప్పుడు పక్కనే కూర్చుని కండెలు చుడుతున్నాను. నాకు పదహారేళ్లు. పదేళ్ల నుంచీ చుడుతూనే ఉన్నాను.

మా పెరటికీ పక్కింటి పెరటికీ నడుమ రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన గోడ ఒకటుంది. నేను పుట్టకముందు ఏదో ముసురుకు అందులో గంప పట్టేంత కంత పడింది. నడుమెత్తున ఉండే ఆ కంతను వాళ్లు పూడుస్తారని మేమూ, మేము పూడుస్తామని వాళ్లూ ఆగారు. ఆగగా ఆగగా అది లేకపోతే గడవని పరిస్థితి వచ్చింది. ఎండాకాలం మామిడికాయ తొక్కు పచ్చడి అందులో నుంచే అటు పోయేది, వాళ్ల తొక్కు ఇటు వచ్చేది. రెండూ ఒక్క రుచే, అయినా పోవాలి, రావాలి. వానాకాలం మా కట్టెలు తడిస్తే అటు నుంచి నిప్పులు. చలికాలం ఉడకబెట్టిన అనుపకాయలు. ఏ కాలమైనా సరే, మాటలు.

ఆ మాటలన్నీ ఇద్దరివే. ఇవతల మా అవ్వ, అవతల నేను గోడవ్వ అని పిలిచే పక్కింటి అవ్వ. ఇద్దరూ ఒకే ఊరి ఆడబిడ్డలు, ఒకే నెలలో కోడళ్లుగా వచ్చి గోడకు చెరోవైపు పడ్డారు. గోడవ్వ రెండేళ్లు చిన్న, అందుకని మా అవ్వను అక్కా అనేది. ఆమె మోకాళ్లు పోయాయి, మా అవ్వ చూపు మసకబారింది. రెండు ఇళ్ల వాకిళ్లూ వేరువేరు వీధుల్లోకి ఉంటాయి. వీధి చుట్టూ తిరిగి పోవాలంటే ఒకామె నడవలేదు, ఒకామెకు దారి కనపడదు. కాబట్టి ఉన్నదల్లా ఆ కంతే.

ఇక మా ఇంటి ఎరుపు సంగతి. బాపు నేసే చీర అంచుల ఎరుపు చుట్టుపక్కల ఎవరికీ కుదిరేది కాదు. అంగడిలో దొరికే డబ్బా రంగే అందరూ వాడేది. మా తాత దానికి ఇంకేవో కలిపేవాడు. ఆయన బాపుకు చెప్పాడు. అమ్మకు పెళ్లయిన ఏడేళ్లకు చెప్పారు. రంగు వండే రోజు మా ఇంట్లో ఎవరైనా పోయారేమో అన్నట్టుండేది. వీధి తలుపు గొళ్లెం పెట్టేవాళ్లు. కంతకు గోనెపట్టా వేలాడదీసేవాళ్లు. అవ్వ దానికి వీపు ఆనించి కర్ర పట్టుకుని కూర్చునేది. పిల్లిని కూడా బయటికి పంపేవాళ్లు. పిల్లితో పాటు నన్ను.

"నన్నెందుకు పంపుతరు?" అని అడిగాను ఒకసారి.

"ఆడపిల్లవు. రేపు ఇంకో ఇంటికి పోతవు. రంగు నీ ఎంబడి పోతది" అంది అవ్వ.

"అట్లయితే నన్ను పంపకుండ్రి. ఈడనే ఉంట."

అవ్వ కాసేపు ఆలోచించింది. "గది ఇంకింత పరేషాన్" అంది.

వంట అయ్యాక నూలు చిలుపలు ఆరేసి, రాగి గంగాళం కడిగి పారబోసి, పట్టా తీసి, మళ్లీ మామూలు మనుషులమయ్యేవాళ్లం.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జొన్న చేల గట్ల మీద గునుగు తెల్లగా నిండుగా పూసింది. మా దిక్కు బతుకమ్మకు తంగేడు పసుపు ఎంత ముఖ్యమో గునుగు అంత ముఖ్యం. ఆ తెల్ల కంకుల కొసలను రంగుల్లో ముంచి, వరసలు వరసలుగా పేరుస్తారు. అందరి గునుగూ అంగడి రంగుతో సాయంత్రానికే వెలిసిపోయి గులాబీగా మారేది. మా ఒక్క ఇంటి బతుకమ్మే నీళ్లలో విడిచేదాకా ఎర్రగా ఉండేది. ఏటా పెత్రమాస నాడు, మొదటి బతుకమ్మ రోజు, వాడలోని ఆడవాళ్లు బతుకమ్మను పేర్చిన మా సిబ్బి పళ్లెం వైపు ఓసారి చూసి తల తిప్పుకునేవాళ్లు. ఆ తల తిప్పుకోవడమే మా అవ్వకు పండుగ.

ఆ ఏడు తల తిప్పుకోవలసి వచ్చింది మా అవ్వే. గోడవ్వ కోడలు తెచ్చి మా బతుకమ్మ పక్కనే దించిన బతుకమ్మలో నడుమ మూడు వరసలు ఎర్రగా ఉన్నాయి. మా ఎరుపు.

అవ్వ చప్పట్లు కొడుతూ వలయంలో తిరుగుతోంది. ఆ బతుకమ్మ దగ్గరికి రాగానే వంగేది, మళ్లీ చప్పట్లు కొట్టేది. నాలుగో చుట్టుకు పాట ఒక దారి, అవ్వ చేతులు ఒక దారి అయ్యాయి. ఐదో చుట్టుకు పడిపోయిన పువ్వును సర్దుతున్నట్టు వంగి, ఒక కంకిని పుటుక్కున తుంచి కొంగులో ముడేసుకుంది. ఇంతమందిలో, ఇంత భక్తిగా దొంగతనం చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తెల్లవారి బాపు ఆ కంకినీ, ఒక నూలు పోగునూ పట్టుకుని వాకిట్లో ఎండలో నిలబడ్డాడు. ఎంతసేపు చూశాడంటే, అమ్మ చేతిలోని చీపురు కూడా ఆగిపోయింది.

"జర పల్చగున్నది. కాని మనదే అమ్మా" అన్నాడు చివరికి, దవాఖానలో కబురు చెప్పినట్టు.

"పోనీ, పాణంతోనే ఉన్నది గద" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మొదలైంది. ఇంటి గుట్టు బయటికి పోయిందంటే ఇంట్లోనే ఎవరో చెప్పి ఉండాలి. బావి దగ్గర మాట్లాడుతుంది కాబట్టి అమ్మ మీద అనుమానం. కల్లు మండువాకు పోతాడు కాబట్టి బాపు మీద. నాకు అసలు తెలియదు కాబట్టి నేను తప్పించుకున్నాననుకున్నాను. కాదట. "తెలువదన్నోళ్లనే ముందుగాల చూడాలె" అంది అవ్వ. రెండు రోజులు మేము నలుగురం ఒకరినొకరం గమనిస్తూ అన్నం తిన్నాం. అన్నం తగ్గలేదు, మాటలు తగ్గాయి.

మూడో రోజుకు అవ్వ తేల్చేసింది. మనోళ్లు ఎవరూ చెప్పలేదు. గోడవ్వే గోనెపట్టా సందుల్లోంచి చూసింది.

నేను పోయి పట్టాకు కన్ను ఆనించి చూసి వచ్చాను. "నాకైతే జనుమూ, ఒక చీమా కనపడ్డయి" అని చెప్పాను.

"నీ కండ్లకు కనపడయి. నలభయేండ్ల సంది చూస్తున్న కండ్లు వేరే. కొడకా, సద్దుల బతుకమ్మ లోపల గా కంత మూసెయ్యి."

బాపు గొంతు సవరించుకున్నాడు. "కంత మూస్తే మీరిద్దరు ఎట్ల మాట్లాడుకుంటరమ్మా?"

"మాట్లాడేదేం లేదు."

మా బాపు తల్లి మాట కాదనేవాడు కాదు, వెంటనే చేసేవాడూ కాదు. పూటకు రెండు రాళ్లు తెచ్చి కంత కింద పెట్టేవాడు. మట్టి నానబోశాడు. అది ఎండితే మళ్లీ నానబోశాడు. అవ్వ చెవి అటే. "రాళ్లు తెస్తున్నవా, గుడ్లు తెస్తున్నవారా?" అని అడిగేది.

రాళ్ల కుప్ప పెరుగుతుంటే అమ్మ ఒకరోజు నాతో అంది, "మీ అవ్వ మాటలు వినేది ఊళ్లె ఆమె ఒక్కతేనే." నిజమే. మేమూ వినేవాళ్లం గాని, వెంటనే జవాబు చెప్పేవాళ్లం. మబ్బుకు మతలబేముంటుంది అవ్వా అనేవాళ్లం. గోడవ్వ అట్లా అనేది కాదు. "అవునక్కా, నేను గూడ జూసిన, నిన్నటి మబ్బే" అనేది. కంత మూసుకుపోతే మా అవ్వకు మిగిలేది జవాబులే. దాని మీద ఒక మంచి మాట అనాలని చూశాను, నాకు ఏదీ దొరకలేదు. అది నాకు అరుదు.

గోడవ్వకు ఇదేమీ తెలియదు. బతుకమ్మ ఐదో రోజు కంతలోంచి ఆనిగెపుకాయ కూర గిన్నె వచ్చింది. అవ్వ వాసన చూసి, "ఏం కలిపిందో" అని పక్కన పెట్టింది. కూర చేసిన నేరమేమీ లేదు కాబట్టి నేను తిన్నాను. అవతల నుంచి గొంతు వినిపించింది.

"అక్కా! ఓ అక్కా! పాణం మంచిగ లేదానే?"

అవ్వ గోడకు బారెడు దూరంలో కూర్చుని ఉంది. నా వైపు తిరిగి గట్టిగా అంది, "ఎవలో పిలుస్తున్నట్టున్నది. గాలి గావచ్చు."

"గాలి గాదక్కా, నేనే" అంది గోడ.

అవ్వ లేచి లోపలికి పోయింది. గోడవ్వ కంతలోంచి నన్ను చూసి, "ఏమైందే బిడ్డా?" అని సైగ చేసింది. నేను భుజాలెగరేశాను. ఆమె చూపు కిందికి జారి రాళ్ల కుప్ప మీద ఆగింది. ఒక్కొక్క రాయినీ చూసింది. మొహం పక్కకు తీసేసింది. ఆ మధ్యాహ్నం మళ్లీ పిలుపు రాలేదు.

ఆరో రోజును మా దిక్కు అలిగిన బతుకమ్మ అంటారు. ఆ రోజు బతుకమ్మ అలిగిందని ఎవరూ పేర్చరు, ఆడరు. మా ఇంట్లో అవ్వ మొదటి రోజే అలగడం వల్ల మాకు పెద్ద తేడా తెలియలేదు. పొద్దున్నే కూర గిన్నె తిరిగిద్దామని కంత దగ్గరికి పోయాను. అవతల గోడవ్వ మా గోడ మొదట్లో కూర్చుని ఉంది. ముందర నేలలో పాతిన రాతి గోలెం. మరునాటి కోసం గునుగు కట్టను అందులో ముంచి తీస్తోంది. ముంచినప్పుడు తెలుపు, తీసినప్పుడు మా ఎరుపు.

చూసి ఊరుకోవచ్చు. కాని నాకు నోట్లో మాట ఆగే జబ్బు ఎప్పుడూ లేదు. "అవ్వా, మన ఎర్ర ఒక చెంబు గాదే, ఆమె గోలెం నిండ ఉన్నది" అని ఇంట్లోకి కేకేశాను.

అవ్వ లేచింది. మసక చూపు మనిషి ఎక్కడా తడబడకుండా నేరుగా కంత దగ్గరికి పోయింది. రాళ్ల కుప్ప ఎక్కింది. తల పెట్టింది, భుజాలు పెట్టింది, ముందుకు తోసుకుంది. నడుము దగ్గర ఇరుక్కుంది. గంప పట్టే కంతే గాని, గంప నడుముకు నాలుగు చుట్ల కొంగు ఉండదు కదా.

ఇప్పుడు అవ్వ నోరు పక్కింట్లో, కాళ్లు మా ఇంట్లో ఉన్నాయి. నేను కాళ్లు పట్టుకున్నాను.

"ఏందక్కా, ఇన్నొద్దులు పిలిస్తే పలుకలె, ఇయ్యాల సగం వచ్చినవు?" అంది గోడవ్వ.

"దొంగదానా! మా ఎర్ర నీ గోలెంల ఎట్లున్నది?"

"గదా నీ కోపం? నన్నెందుకడుగుతవు, నీ మోరీనడుగు. జర కిందికి జూడు."

అవ్వ చూసింది. ఎంత మసక చూపైనా జానెడు దూరంలో ఉన్నది కనపడుతుంది. ఆమె ముక్కు కిందనే మా పెరటి నీళ్లు పోయే మోరీ గోడ దాటి అటు తేలింది. దాని మూతి నుంచి గోలెం దాకా రాళ్ల మీద ఎరుపు గీత. మేము గంగాళం కడిగి పారబోసిన ప్రతిసారీ ఆ నీళ్లు ఎటు పోయాయో మా ఇంట్లో ఒక్కరూ ఎన్నడూ అడగలేదు.

"నిరుడు నా బీరపాదు ఎండిపాయె. ఈ ఏడు చిక్కుడు పాయె" అంది గోడవ్వ. "ఇగ లాభం లేదని గోలెం పాతిన, నీళ్లన్న ఒక జాగాల ఉంటయని. నిండ ఎర్రగున్నయి, పూలు ముంచిన. మీరు పారబోసినయి నేను ముంచుకుంటే గూడ దొంగతనమేనా?"

"నాకు చెప్పొద్దా మరి?"

"చెప్తే మీరు రంగు వండుడు బంద్ జేస్తరేమో అని ఊకున్న. మీకు కూడు పెట్టేది గదే గద. బీరకాయలదేముంది, అంగట్ల దొరుకుతయి."

అవ్వ ఓడిపోతున్నట్టు నేను పట్టుకున్న ఆమె కాళ్లలో తెలిసింది. కాని అనుమానం అంత సులభంగా చావదు. "నీళ్లు సరే. పట్టా సందులకెళ్లి మా రంగుల కలిపే మందు చూసినవా లేదా?"

గోడవ్వ ఒక్కసారి నవ్వింది. "పట్టాలెందుకు చూడాలె? మీరు తలుపులేసుకొని, పిల్లిని ఎల్లగొట్టి, పట్టా కట్టుకొని వండుతరు. పిప్పంత తెచ్చి నా దిక్కు తోస్తరు. ఎత్తేది ఎవలు? కరక్కాయ పిప్పి, దానిమ్మ తొక్కలు, చింతగింజల పొట్టు. ఇంకోటి..."

"ఆగు!" అని అరిచింది అవ్వ. "ఎన్క పోరి ఉన్నది!"

గోడవ్వ టక్కున ఆగింది. ఇంట్లో పుట్టిన నాకు తెలియకూడనిది గోడవతల మనిషికి తెలుసు. అది నాకు తెలియకుండా కాపాడటంలో ఇద్దరూ ఒక్కటయ్యారు. నేను కాళ్లు పట్టుకుని ఉన్నాను.

"నీకు ఎన్నేండ్ల సంది ఎర్క?" అని అడిగింది అవ్వ, గొంతు తగ్గించి.

"మీ ఆయన ఉన్నప్పటి సంది. నా కొడుకు మూడుసార్లు అడిగిండు, తెల్ల తువ్వాలలు నేసి యాష్టకొచ్చింది, వాళ్ల ఎర్ర ఏందో నీకెర్కేనా అని. నాకేమెర్కరా, నేను బీరకాయలు పెట్టుకునేదాన్నన్న."

అవ్వ ముఖం నాకు కనపడలేదు, గోడవతల ఉంది. నా వైపు ఉన్నవి పాదాలు. అవి అప్పటిదాకా తన్నుకుంటూ ఉన్నాయి. ఆ మాటతో ఆగిపోయాయి.

"నన్ను గుంజవే చెల్లె" అంది చివరికి.

"ఏ దిక్కు?" అంది గోడవ్వ. "నీ దిక్కు తోయమంటవా, నా దిక్కు గుంజమంటవా?"

"నీ దిక్కే."

ఆమె గుంజింది, నేను తోశాను. మోకాళ్లు లేని మనిషి గుంజడం ఎంత బలంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. కంత అంచు రాళ్లు మూడు ఊడి కింద పడ్డాయి. అవ్వ అవతల చిక్కుడు పాదు ఉండే జాగాలో కూలబడింది. ఎన్నేళ్ల తర్వాతో ఆ పెరట్లో కాలు పెట్టింది, కాలు ముందుగా కాకపోయినా.

బాపు రెండు రాళ్లతో వచ్చి, "అమ్మ ఏదే?" అన్నాడు.

"అవతల పడ్డది."

"దెబ్బ తగిలిందా?"

"తగిలింది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నరు."

బాపు కంతలోంచి అటు చూశాడు, మోరీ మూతి చూశాడు, ఎరుపు గీత చూశాడు. చేతిలోని రాళ్లను ఎప్పటిలా గుడ్లలాగా కాకుండా రాళ్లలాగానే పడేశాడు. సాయంత్రం లోపల తెచ్చిన రాళ్లన్నీ, నానబోసిన మట్టంతా పెట్టి మోరీని గోడ దగ్గర మూసేశాడు. మా పెరట్లోనే గుంత తవ్వి నీళ్లు అటు మళ్లించాడు. అంత తొందరగా ఆయన ఏ గోడా కట్టగా నేను చూడలేదు. కంత మాత్రం ఇదివరకటి కంటే పెద్దదై మేకలు కూడా పట్టేటట్టయింది. అవ్వకు ఇప్పుడు మేకల మీద కూడా అనుమానం.

చివరి రోజు, సద్దుల నాడు, రెండు బతుకమ్మలూ పక్కపక్కనే ఎర్రగా ఉన్నాయి. వాడలో ఒకామె మూతి విరిచి, "ఈ ఎర్ర వాళ్లకెట్లొచ్చిందో?" అంది. అవ్వ తిరిగి చూసి, "మేమే ఇచ్చినం. నీకేం ఫికర్?" అంది. కొడుకు బండి మీద తెచ్చి కూర్చోబెట్టిన గోడవ్వ నువ్వుల సద్ది ముద్ద ఒకటి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ వాసన చూడకుండా తిన్నది. నేను చూశాను.

ఇంటికి వస్తూ నా చేయి పట్టుకుని అంది, "ఇన్నేండ్లు ఎవలకు చెప్పలేదంటే ఏదో మతలబు ఉంటదే."

"ఏం మతలబవ్వా?"

"గదే సమజైతలేదు."

మరుసటి ఏడు పెత్రమాసకు ముందు రంగు వండిన రోజు ఎప్పటిలాగే గొళ్లెం పెట్టారు, పిల్లినీ నన్నూ బయటికి పంపారు. పిల్లి నిజంగానే పోయింది. నేను చింతపొట్టు బస్తా వెనుక నుంచి చూశాను. బాపు చిలుపలు ఆరేయడానికి వాకిట్లోకి పోగానే, అవ్వ తడుముకుంటూ లేచి ఒక చెంబు నిండా ఎర్రనీళ్లు ముంచింది. కంతకు కట్టిన పట్టాను అంగుళం పక్కకు జరిపింది. అటు నుంచి ఒక చేయి వచ్చి చెంబు అందుకుంది. పట్టా మళ్లీ పడింది. అవ్వ దానికి వీపు ఆనించి, కర్ర పట్టుకుని, కాపలా కూర్చుంది.

మోరీ ఇప్పుడు మా పెరట్లోకే పారుతుంది కాబట్టి పిప్పి ఎత్తే పని నాకు పడింది. అట్లా ఆ నాలుగోదేమిటో కూడా నాకు తెలిసింది. చెప్పను. మీ మీద నమ్మకం లేక కాదు. మీ ఇంటి మోరీ ఎటు పారుతుందో నాకు తెలియదు.